దొర కూర్చుంటే వెలిగే దీపం

మార్చి 26

ఇది షెడ్డులో బండ్ల పనులు రాసుకునే పుస్తకం. వెనక పేజీలన్నీ ఖాళీ. ఫోన్‌లో రాసుకుంటే మా ఆవిడ బీచూ చదివేస్తుంది. దీనికి గ్రీజు మరకలుంటాయి కాబట్టి చచ్చినా ముట్టుకోదు.

మా ఊరి దేవుడు ఓంగ్యా దొర మా ఇంటికి వచ్చి నలభై రోజులయింది. ఈ ఏడాది ఆయన్ని ఇంట్లో ఉంచుకుని కొలిచే ధూపం పెద్దను నేనే. ఈ వాక్యం రాసుకోవడానికే పుస్తకం తీశానేమో, పోనీ. గుళ్లో దొర ముందు, ఆయన మాట తెలిపే రెండు చంద్రవంక చెక్కలు ఏడుసార్లు వేశాను. ఏడుసార్లూ ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా పడ్డాయి. ఏడుసార్లూ దొర ఔనన్నాడు. టైర్ల కొట్టు నియెన్‌కి ఆరే పడ్డాయి. మా నాన్న ముప్పై ఒక్క ఏళ్లు వేశాడు, ఏనాడూ రెండు దాటలేదు. ఇక ఏడాదంతా దొర విగ్రహం మా హాల్లో. ఏప్రిల్ 16న పెద్ద గుడికి యాత్ర బయల్దేరినప్పుడు నా కారులో, నా పక్క సీట్లో.

ఇవాళ దొరకు బండి అలవాటు చేద్దామని ముందు సీటు పూర్తిగా వెనక్కి జరిపాను. దొరను కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, కాళ్ల దగ్గర ధూపపాత్ర ఉంచి, వెల్లుల్లి పొలాల దాకా వెళ్లొచ్చాను. గేటు దాటకముందే ఎర్ర దీపం వెలిగింది. కూర్చున్న మనిషి ముందు బంతి బొమ్మ ఉంటుందే, ఆ ఎయిర్‌బ్యాగ్ దీపం. స్కానర్ పెడితే, పక్క సీట్లో ఎవరున్నారో తెలిపే సెన్సర్ పలకడం లేదంది. చెరిపేశాను. ఇరవై ఎనిమిదేళ్లుగా ఊళ్లో అందరి బండ్లలో దీపాలు ఆర్పుతున్నవాణ్ణి. ఇదొక లెక్కా!

మార్చి 27

దీపం లేదు. చెప్పానుగా.

మార్చి 29

గుడి దగ్గర యాత్రకు రిహార్సల్. దొరను కూర్చోబెట్టుకుని వెళ్లాను. గుడి ముందు, బ్యాండు మేళం ముందు, కమిటీ పెద్ద కుంగ్ బాబాయ్ ముందు, అన్నిటికంటే ముఖ్యంగా ఆ నియెన్ ముందు, దీపం భగ్గుమంది.

నియెన్ కిటికీలోంచి తల లోపలికి పెట్టాడు. "అన్నా, ఇదేంటి, మెకానిక్ బండికే జ్వరమొచ్చిందా?"

"చిన్న తీగ సమస్య రా. సాయంత్రానికి పోతుంది."

"పోతే మంచిదే. మా కొత్త బండికి ఏడు సీట్లు, ఒక్క దీపమూ లేదు. ఊరికే గుర్తుచేస్తున్నా, అంతే."

కుంగ్ బాబాయ్ కర్ర పొడుచుకుంటూ వచ్చి అడిగాడు. "ఆ ఎరుపేంట్రా చో?"

"ఎయిర్‌బ్యాగ్ దీపం బాబాయ్. అది వెలిగితే బండిలో ఎయిర్‌బ్యాగులన్నీ నిద్రపోతాయి. గుద్దుకుంటే ఒక్కటీ తెరుచుకోదు."

"దొర ఎక్కేముందు వెలిగిందా, ఎక్కాక వెలిగిందా?"

"ఎక్కాక."

జనం "ఓహో" అన్నారు. నియెన్ కూడా ఓహో అన్నాడు, కొంచెం గట్టిగానే. దొరకు నా బండి నచ్చలేదని సాయంత్రానికల్లా ఊరంతా పాకింది. నాకేమీ బాధ లేదు. రెండు గిన్నెల గంజి తాగాను.

మార్చి 31

స్కానర్ మీద కొత్త పచ్చ ప్యాకెట్ పెట్టి మొదలుపెట్టాను. ఆ మొక్కజొన్న చిరుతిండి పేరుకి అర్థమే "బుద్ధిగా ఉండు" అని. మా వైపు ఆసుపత్రి మెషీన్ల దగ్గర్నుంచి బ్యాంకు మెషీన్ల దాకా దాన్ని పెడితేగాని ఎవరికీ ధైర్యముండదు. పచ్చదే పెట్టాలి. పసుపుది పెడితే మెషీన్ కోపగించుకుంటుంది.

బీచూని ముందు సీట్లో కూర్చోమన్నాను. సీటు తనకు సరిపడా ముందుకు జరుపుకుని కూర్చుంది. దీపం లేదు. ఆమెను దింపి, దొర బరువుకు సరిగ్గా పదకొండు కిలోల బియ్యం సంచి పెట్టాను. లేదు. గ్యాస్ బండ పెట్టాను. లేదు.

"ఏమయ్యా, కట్టుకున్నదాన్ని బియ్యంతో, గ్యాస్ బండతో కలిపి తూస్తున్నావా?"

"నువ్వు కూర్చుంటే వెలగలేదు. అంటే సెన్సర్ నిన్ను మనిషిగా గుర్తించిందన్నమాట."

"పోనీలే. పాతికేళ్లకు ఈ ఇంట్లో ఒక్క మెషీనయినా గుర్తించింది."

తర్వాత సీటు వెనక్కి జరిపి, ధూపపాత్ర పెట్టి, దొరను కూర్చోబెట్టాను. వెలిగింది. దించి, సీటు ముందుకు జరిపి, తాళం తీసి మళ్లీ పెట్టాను, ఆరింది. నాలుగుసార్లు చేశాను. నాలుగోసారి బీచూ దొరవైపు తిరిగి దణ్ణం పెట్టింది.

సీటు కింద తీగల్లో నేనెప్పుడూ చెయ్యి పెట్టలేదు. కొన్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

ఏప్రిల్ 2

కమిటీ పిలిచింది. దొర ఎవరి బండిలో వెళ్లాలో మళ్లీ ఆలోచించాలట. నియెన్ కొత్త చొక్కా వేసుకొచ్చాడు. ముప్పై ఒక్క ఏళ్లు మా నాన్నకు దక్కనిది నాకు దక్కింది, అది ఒక ఎర్ర దీపం వల్ల పోయేలా ఉంది. స్కానర్ తీసుకెళ్లి, తెర మీద వచ్చింది చదివి వినిపించాను. ముందు సీట్లో ఉన్నది ఎవరో తెలియడం లేదని రాసింది, ఇది కంప్యూటర్ గొడవేగాని కోపం కాదని చెప్పాను.

కుంగ్ బాబాయ్ కళ్లు మూసుకున్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నాం.

"మళ్లీ చదువు."

"ముందు సీట్లో ఉన్నది ఎవరో తెలియడం లేదు."

"మీ ఆవిడ కూర్చుంటే తెలిసింది కదా?"

"తెలిసింది."

"బియ్యం?"

"తెలిసింది బాబాయ్."

"దొర కూర్చుంటేనే తెలియలేదు." లేచి నిలబడ్డాడు. గోడ మీది పటంవైపు తిరిగి చేతులెత్తాడు. "తెలుస్తుందేంట్రా దానికి! దొర మనిషా, బియ్యమా? ఈ చో బండిలోకి దొర నిజంగా దిగాడ్రా. ఆ దీపాన్ని ఎవడన్నా ముట్టుకుంటే నేనూరుకోను."

నియెన్ చొక్కా పై బొత్తాం విప్పుకున్నాడు.

ఏప్రిల్ 3

పొద్దున్నుంచీ నలభై మంది వచ్చారు. బానెట్ మీద పదకొండు అనాసపళ్లు. అగరుబత్తీలు వైపర్ సందులో గుచ్చుతున్నారు. దయచేసి పెయింటు మీద పొగ పెట్టకండని బోర్డు రాశాను. దాని కింద కూడా ఎవరో ఒక అనాసపండు పెట్టారు.

చాలా సంతోషంగా ఉంది.

ఏప్రిల్ 5

సీటు విప్పి చూశాను. ఏమీ లేదు. మళ్లీ బిగించాను.

ఏప్రిల్ 6

నిజంగానే ఏమీ లేదు.

ఏప్రిల్ 8

కమిటీ పరీక్ష పెట్టింది. దొరను నియెన్ కొత్త బండిలో కూర్చోబెట్టి తాళం తిప్పించారు. డజను మంది తలలు లోపలికి పెట్టి చూశారు. దీపాలన్నీ ఒకసారి వెలిగి, ఒక్కొక్కటే ఆరిపోయాయి. ఏమీ మిగలలేదు. కొత్త బండి, ఏ రోగమూ లేదు, అయినా దీపం వెలగలేదంటే దొరే దిగలేదని తేల్చారు. నియెన్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఒక ముసలమ్మ అతని భుజం తట్టి, మనసు శుభ్రంగా ఉంచుకో నాయనా అని వెళ్లింది.

నేను నవ్వలేదు. ఇంటికొచ్చాక కొంచెం నవ్వాను.

ఏప్రిల్ 9

మధ్యాహ్నం నియెన్ షెడ్డుకు వచ్చాడు. వక్కలు తెచ్చాడు. పదేళ్లలో వాడు నాకు ఒక్క వక్క పెట్టిన పాపాన పోలేదు.

"అన్నా, ఒక మాట. నా బండిలో కూడా ఆ దీపం వెలిగేట్టు చెయ్యవా?"

"బాగున్న బండిని పాడుచెయ్యమంటావా?"

"పాడు కాదన్నా. దొరకు దారి చూపించడం."

"పోరా పో."

"నీకు దక్కింది, నాకు దక్కకూడదు. అంతేగా?" వక్కల పొట్లం తీసుకుని వెళ్లిపోయాడు. రెండు తిన్నాను అప్పటికే.

ఏప్రిల్ 11

నియెన్ బండిలో దీపం వెలిగింది. గుడి ముందు ఆపి హారన్ మోగిస్తూ అందరినీ పిలిచాడు. "నా బండిలోనూ దిగాడు! రండి, చూడండి!" అని అరుస్తున్నాడు. సీటు కింద పసుపు ప్లగ్గు పీకేశాడని నాకు దూరం నుంచే తెలుసు. దొర అందులో లేడు కూడా. ఆయన మా ఇంట్లో హాల్లో ఉన్నాడు. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు.

ఆ బండి ముందు సీట్లో నియెన్ వాళ్లావిడ కూర్చుని ఉంది. ఎనిమిదో నెల. బెల్టు పొట్ట కింద సర్దుకుంటోంది. రోజూ ఆ సీట్లోనే పట్నం ఆసుపత్రికి వెళ్లొస్తుంది, లారీలు తిరిగే రోడ్డు మీద.

నేను నోరు తెరిచాను. మూశాను. వచ్చేశాను.

అన్నం సయించలేదు.

ఏప్రిల్ 12

ఏప్రిల్ 5న రాసింది అబద్ధం. ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధం రాసుకున్నాను చూడు, ఏం మనిషిని!

సీటు విప్పగానే కనబడింది. పోయినేడు ఏసీ మాటిమాటికీ ఆగిపోతుంటే, బండి బుద్ధిగా ఉండాలని ఒక పచ్చ ప్యాకెట్ సీటు కింద పెట్టాను. బ్రేకు వేసినప్పుడల్లా జారిపోతోందని ప్లాస్టిక్ పట్టీతో గట్టిగా కట్టాను. దేనికి కట్టాను? చేతికందిన తీగకు. ఏ తీగ? సెన్సర్‌కు వెళ్లే పసుపు తీగ. ఎవరైనా మామూలుగా కూర్చుంటే ఏమీ కాదు. దొర కాళ్ల దగ్గర ధూపపాత్రకు చోటు కావాలని సీటు చివరిదాకా వెనక్కి జరిపితే, తీగ సాగలేక ప్లగ్గులో పట్టు వదులుతోంది, ముందుకు జరిపితే మళ్లీ అతుక్కుంటోంది. అంతే. దొర లేడు, కోపం లేదు, మహిమ లేదు. చో మెకానిక్ కట్టిన పట్టీ ఉంది.

ఇంకొకడు అలా కట్టి నా షెడ్డుకు తెచ్చుంటే వాణ్ణి వారం రోజులు తిట్టేవాణ్ణి.

పొద్దున బీచూకి చెప్పాను. మోచెయ్యంత ముల్లంగి కోస్తోంది. కొయ్యడం ఆపలేదు.

"నాకు తెలుసు."

"ఎలా తెలుసు?"

"ఆ ప్యాకెట్ కొన్నది నేను. పట్టీ కట్టేటప్పుడు టార్చి పట్టుకున్నది నేను. నువ్వే మర్చిపోయావు."

"మరి చెప్పలేదేం!"

"ఎప్పుడు చెబుతావో చూద్దామని. దొర ముందు రోజూ అగరుబత్తి పెడుతున్నావుగా, ఆయనకైనా చెబుతావనుకున్నా." కత్తి పక్కన పెట్టింది. "నియెన్ పెళ్లాం సంగతేంటి మరి?"

షెడ్డుకు వెళ్లాను. బ్యాటరీ తీగ తీసి, పది నిమిషాలు ఆగి, పట్టీ కోసేశాను. ప్లగ్గులో వంగిన పిన్ను మార్చాను. సీటు వెనక్కి, ముందుకు ఇరవైసార్లు జరిపాను. దొరను తెచ్చి కూర్చోబెట్టాను. దీపం రాలేదు. బానెట్ మీద అనాసపళ్లన్నీ దించేశాను.

రేపు కమిటీకి చెప్పాలి. దొర నా బండి ఎక్కడు. ఊళ్లో ఎవడూ నాకు బండి ఇవ్వడు.

ఏప్రిల్ 13

చెప్పాను.

గుడి మెట్ల మీద నిలబడి మొత్తం చెప్పాను. పచ్చ ప్యాకెట్‌నూ, కోసిన పట్టీనీ పళ్లెంలో పెట్టి చూపించాను. కుంగ్ బాబాయ్ ప్యాకెట్ అందుకుని కళ్లద్దాలు పైకి తోసి వెనక వైపు చదివాడు. చదువుతూ చదువుతూ ఎర్రబడిపోయాడు.

"ఒరేయ్! దీని గడువు నవంబర్‌లోనే అయిపోయింది!"

అప్పుడు లేచింది గోల. తీగ సంగతి ఎవడూ అడగలేదు. వారం పైగా ఊరిని మోసం చేసిన సంగతి కూడా అడగలేదు. గడువు దాటిన ప్యాకెట్ మీద దొరను కూర్చోబెట్టాడని ముసలమ్మలు చెంపలు వాయించుకున్నారు. తేదీ చూసుకోవద్దా, నీకు కళ్లు లేవా, మా ఆఫీసులో నెలనెలా మారుస్తాం తెలుసా అని ఒకటే కేకలు. తల కొట్టేసినట్టయింది.

గోల కొంచెం తగ్గాక అన్నాను. "నన్ను తర్వాత తిడుదురుగాని. ఆ దీపం వెలిగే బండి ఎవరిదైనా సరే, అది మహిమ కాదు. గుద్దుకుంటే లోపలి మనిషి పోతాడు. ఇవాళే షెడ్డుకు తీసుకురండి, ఊరికే చేసిపెడతాను." ఎవరి పేరూ చెప్పలేదు. నియెన్ తల వంచుకుని చెప్పులవైపు చూస్తున్నాడు. వాళ్లావిడ అతనివైపు చూస్తోంది. ఆ చూపు చూశాక నాకు వాడి మీద జాలేసింది.

గంటలో బండి తెచ్చాడు. ప్లగ్గు పెట్టాను, దీపం ఆర్పాను. వెళ్లేముందు వక్కల పొట్లం సీటు మీద పెట్టి వెళ్లాడు.

ఏప్రిల్ 14

ఎవరి బండిలో అనేది దొరనే అడగాలన్నారు. ముందు నేను. మోకాళ్ల మీద కూర్చున్నాను. "దొరా, ఆ వెధవ పని చేసింది నేనే. అయినా నా బండి ఎక్కుతావా?" చెక్కలు వేశాను.

రెండూ వెల్లకిలా పడ్డాయి. అంటే దొర నవ్వుతున్నాడు. ఔనూ కాదు, కాదూ కాదు, మళ్లీ అడగమని. వేశాను, నవ్వాడు. ఐదుసార్లు వేశాను, ఐదుసార్లూ నవ్వాడు. నా తర్వాత నియెన్ తన బండి కోసం వేశాడు. అతన్ని చూసి కూడా నవ్వాడు. కుంగ్ బాబాయ్ స్వయంగా అద్దె బస్సు కోసం వేశాడు. దానికీ నవ్వే. చెక్కలు అరిగాయేమోనని వేరే జత తెచ్చారు. అవీ నవ్వాయి. మధ్యాహ్నమైంది, భోజనాల బల్లల మీద నూడుల్సు చల్లారిపోతున్నాయి, ఏం చెయ్యాలో కమిటీలో ఒక్కడికీ తోచలేదు.

వెనక నుంచి బీచూ వచ్చింది. నా చేతిలోంచి చెక్కలు లాక్కుంది. "మీరంతా మీ బండ్ల గురించే అడుగుతున్నారు. ఆయన గురించి ఒక్కడూ అడగడేం?" దొరవైపు తిరిగింది. "అయ్యా, నడిచి వెళ్దామా?"

ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా. మళ్లీ అదే. మళ్లీ అదే.

పెద్ద గుడి యాభై రెండు కిలోమీటర్లు. కుంగ్ బాబాయ్ తన కర్రవైపు చూసుకున్నాడు. "అమ్మాయ్," అన్నాడు నీరసంగా, "నువ్వు కాస్త ముందడిగుంటే నూడుల్సన్నా వేడిగా తినేవాళ్లం."

ఏప్రిల్ 16

పంతొమ్మిది కిలోమీటర్లు. ధూపం పెద్దను కాబట్టి దొరను నేనే ఎత్తుకోవాలి. ఎర్రబట్ట మెడకు కట్టి, చంటిపిల్లాణ్ణి కట్టుకున్నట్టు గుండెకు ఆనించి కట్టారు. పదకొండు కిలోలు. బియ్యం సంచి కూడా పదకొండే అని నేనే తూచాను. ఆ తూకం తప్పు.

కాళ్లు నొప్పి లేదు.

ఏప్రిల్ 17

కాళ్లు నొప్పి. కుంగ్ బాబాయ్‌ని తోపుడు బండిలో కూర్చోబెట్టి తెస్తున్నారు. దారి పొడవునా ఊళ్లవాళ్లు మంచినీళ్లు, చిలగడదుంపలు ఇస్తున్నారు. మీ దొర బండెక్కలేదేమని అందరూ అడుగుతారు. బీచూ అందరికీ మొత్తం కథ చెబుతోంది, గడువు తేదీతో సహా. ఐదో ఊరు వచ్చేసరికి నేనూ నవ్వడం మొదలుపెట్టాను.

కారులో అయితే దొర నా పక్కన కూర్చునేవాడు, నేను రోడ్డు చూసుకునేవాణ్ణి. ఇప్పుడు ఆయన గడ్డం నా గడ్డానికి తగులుతోంది. ఈ మాట ఎవరికీ చెప్పలేను, అందుకే ఇక్కడ రాస్తున్నాను. నా జన్మలో ఇంత సంతోషం ఎరగను.

ఏప్రిల్ 18

చేరాం. గుడి గోపురం కనబడుతుండగా నియెన్ పక్కకు వచ్చాడు. మూడు రోజులుగా నా వెనకే నడుస్తున్నాడు. కొత్త బూట్లు చేత్తో పట్టుకుని ఉత్త కాళ్లతో ఉన్నాడు.

"అన్నా, పది అడుగులు. మా ఆవిడ కాన్పు కోసం. పదే."

ధూపం పెద్ద తప్ప ఇంకెవరూ ఎత్తుకోకూడదు. వాడికీ తెలుసు, నాకూ తెలుసు. ముందు వెళ్తున్న తోపుడు బండిలోంచి కుంగ్ బాబాయ్ వెనక్కి తిరగలేదు. ముడి విప్పి, దొరను వాడి చేతుల్లో పెట్టాను. వాడు ఏడుస్తూ నడిచాడు.

నేను పక్కనే నడుస్తూ లెక్కపెట్టాను. పన్నెండు వేశాడు. ఊరుకున్నాను.